బదులు మనిషికి ఒక నియమం

నియమాలు రాసే పని నా నెత్తిన పడటానికి కారణం నేను పగలంతా ఇంట్లో ఉండటమే. మణికొండలో మా అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఆడా మగా అందరూ కార్లెక్కి హైటెక్ సిటీ వైపు వెళ్ళిపోతారు. మిగిలేది ముసలివాళ్ళు, పసిపిల్లలు, నేను. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తయారుచేసిన సరుకును ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసిపెడతాను. ఏ కంపెనీలోనూ ఉద్యోగిని కాను. పనుంటే పిలుస్తారు, రాసిస్తాను, మళ్ళీ పిలుపు కోసం చూస్తాను. ఇంట్లో కూర్చుని చేసేదాన్ని మన దగ్గర ఎవరూ పనిగా లెక్కవేయరు. అందుకే మా అంతస్తు మొత్తానికి వచ్చే కొరియర్లన్నీ నా గుమ్మంలోనే దిగుతాయి.

అలాగే ఒకరోజు అసోసియేషన్ సెక్రటరీ గారు కూడా దిగారు. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, భీమవరం వైపు మనిషి. సోఫాలో కూర్చుని, కాఫీ వద్దంటూనే తాగి, విషయానికొచ్చారు.

"మీరు రాసే మనిషి కదండీ. మన గేటు లోపలికొచ్చి పని చేసుకునేవాళ్ళకి రూల్స్ కావాలండి. వంటవాళ్ళు, ఇస్త్రీ అతను, డ్రైవర్లు, ట్యూషన్ మాస్టార్లు. వీళ్ళు మన ఉద్యోగులు కారు. అలాగని మనకి సంబంధం లేనివాళ్ళూ కాదు. మరి వీళ్ళని ఏమనుకోవాలో ఎవరికీ తెలీడం లేదండి."

ఆ తొందరకి కారణం ఉంది. రెండో బ్లాకులో ఒక పెద్దాయన పగలంతా ఒంటరిగా ఉంటారు. రోజూ వచ్చే వంటామె ఊరికి పోయి, తన బదులు ఇంకొకామెను పంపింది. ఎన్నడూ చూడని మొహం గుమ్మంలో కనపడేసరికి ఆయన తలుపేసుకుని కొడుక్కి ఫోన్ చేశారు. కొడుకు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు, వాచ్‌మన్‌ను నిలదీశాడు, అపార్ట్‌మెంటు గ్రూపులో సాయంత్రం దాకా మెసేజీలు కురిశాయి. దాంతో గేటు దగ్గర మొహం గుర్తుపట్టే కెమెరా పెట్టించారు. కెమెరా వచ్చింది కాబట్టి నియమాలూ రావాలి.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా అమ్మయితే అనేది. కానీ నాకు ఆ దురద ఉంది. అంతకుముందు వానాకాలం ఒక కంపెనీకి రాస్తున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా కంప్యూటర్లో నా పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉండాలనేవాళ్ళు. అది కాస్త ఆరితే ఎక్కడున్నారని మెసేజ్. ఇంకొకరికి పని ఒప్పుకోకూడదు, నా బదులు ఎవరినీ కూర్చోబెట్టకూడదు. తీరా డెంగీ వచ్చి మంచాన పడితే, మీరు మా ఉద్యోగి కాదు కదా అని మర్యాదగా గుర్తుచేసి, నా పని ఇంకొకరికి ఇచ్చేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆ రోజు నుంచి ఈ 'ఉద్యోగి కాదు' అన్న మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రభుత్వాలు, కోర్టులు, కంపెనీలు ఏం తేలుస్తాయో నా చేతుల్లో లేదు. మా గేటు వరకైనా న్యాయంగా రాద్దామని ఒప్పుకున్నాను.

మా ఇంట్లో వంట చేసే ఆమెది నారాయణపేట వైపు పల్లె. ఇంచుమించు నా ఈడుదే. కూరలో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ వేస్తుంది. చెబితే, "మీరు కర్నూలోళ్ళు, మీ నోటికి కారం తప్ప ఏం ఆనది" అంటుంది. మా బ్లాకులో కొన్ని, పక్క బ్లాకులో కొన్ని ఇళ్ళు చేస్తుంది. వాటిని "మా ఇండ్లు" అంటుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. బ్యాంకు వాయిదాలు కట్టేది మేము, ఇళ్ళు మాత్రం ఆమెవి.

ఆమె రాలేని రోజున కూడా మా పొయ్యి ఆరదు. వాళ్ళ యారాలు వస్తుంది. మావైపు తోడికోడలంటాం. ఈ ఏర్పాటు ఆమె ఒక్కదానిదే కాదు. మా గేటు దాటి వచ్చే వంటవాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక బదులు మనిషి ఉంటుంది. ఆడబిడ్డో, యారాలో, ఒకే ఊరి మనిషో. బోనాలకో చావుకో ఊరికి పోతే ఈమె వస్తుంది, ఆమె తిరిగి రాగానే మారుమాట లేకుండా ఇల్లు అప్పజెబుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఇంటివాళ్ళతో చనువు పెంచుకోకూడదు, కొత్త వంటలు చేసి మెప్పు కొట్టేయకూడదు. ఇదంతా ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. తప్పిన మనిషికి మాత్రం ఆ తర్వాత ఇంకెవరూ బదులు పోరు.

ఈ కట్టుబాటంతా నాకు తర్వాత తెలిసింది. ముందు మాత్రం నాకు తోచిన న్యాయమంతా ఒక కాగితం మీద కుమ్మరించాను. లిఫ్టు అందరూ వాడుకోవచ్చు. మధ్యాహ్నం కూర్చోవడానికి నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. మనిషికొక కార్డు, ఆమె మొహం ఒక్కటే కెమెరాలో ఉంటుంది. నెలకు ఇన్నని సెలవులు. సెలవు రోజున ఏ ఇంటివాళ్ళూ పిలవకూడదు, ఆమె కూడా ఎవరినీ పంపనక్కర్లేదు. ఇది నేను ప్రత్యేకంగా గర్వపడ్డ భాగం. బీరకాయలు తరుగుతున్న ఆమె ముందు నిలబడి చదివి వినిపించాను.

"లిఫ్టు ముచ్చట మంచిగున్నది మేడం," అంది తల ఎత్తకుండా. "మరి నేను రాని దినం మా యారాలు వస్తే?"

"ఆమె రానక్కర్లేదు. నీకు సెలవు."

"సెలవు నేనేం జేసుకోవాలె?"

"హాయిగా పడుకో."

"నేను పండుకుంటే ఇండ్లు పండుకుంటయా?"

కత్తి పక్కనపెట్టి నావైపు తిరిగింది. "ఒక దినం వంట కాకుంటే ఫోన్ల తెప్పించుకుంటరు. రెండో దినం వాచ్‌మన్‌ని అడుగుతరు, ఎవరన్న ఉన్నరా అని. మూడో దినం ఇంకొకామె పొయ్యి కాడ నిలబడ్తది. సెలవంటే ఖాళీ జాగ మేడం. ఈ మణికొండల ఖాళీ జాగ ఎవరన్న ఇడిచిపెడ్తరా?"

నాకు కోపం వచ్చింది. మంచి చేయబోతే అడ్డం పడుతుందేమిటని విసుగు. "అయితే జబ్బు చేస్తే ఏం చేస్తావు?" అన్నాను కాస్త గట్టిగానే.

అప్పుడు చెప్పింది. ఏడాదిగా రక్తస్రావం ఆగడం లేదట. గర్భసంచిలో గడ్డలున్నాయని, తీసేయాలని దవాఖానలో చెప్పారట. ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలు బరువు ఎత్తకూడదు, పొయ్యి దగ్గర నిలబడకూడదు. యారాలికి అన్ని ఇళ్ళూ చూపించి, ఒప్పించి, దసరా పోయాక చేయించుకుందామని ఇన్నాళ్ళూ కూడదీసుకుంటోంది. ఇంతలో గేటుకు కెమెరా వచ్చింది.

"గిప్పుడు ఒక్క మొహమే రానిస్తరంటున్రు. నేను పండుకున్నన్ని దినాలు మా యారాలు రాకుంటే నేను లేచేసరికి నాకు ఒక్క ఇల్లు ఉండది. అందుకే ఊకున్న. ఇట్లనే నడిపిస్త."

ఆమె నడిపిస్తానన్నది తన ఒంటినే. ఏడాదిగా ఆ నొప్పితో మా ఇంట్లో చపాతీలు ఒత్తుతోందని నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. వంటగదిలోంచి బయటికి వచ్చి ఆ కాగితం చించేశాను. మనసు చాలా పాడైంది.

రెండోసారి రాసిన దానిలో బదులు మనిషికి చోటు పెట్టాను. వంటామె తనకు నచ్చిన ఒకరి మొహాన్ని తన మొహంతోపాటు కెమెరాలో నమోదు చేయించవచ్చు. ఇంటివాళ్ళకు ఆ మనిషిని ముందే పరిచయం చేయాలి, ఒంటరి పెద్దవాళ్ళు భయపడకుండా. బదులు మనిషికి కూడా సొంత కార్డు ఉంటుంది. ఇద్దరినీ పిలిచి, మా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి చదివాను. యారాలు చిన్నది, ముప్పై దాటి ఉండదు. కుర్చీ అంచున కూర్చుంది.

మెచ్చుకుంటారనుకున్నాను. పెద్దామె మొహం ముడుచుకుంది.

"దానికి సొంత కార్డు ఎందుకు?"

"ఆమె కూడా మనిషే కదా. వాచ్‌మన్ ఆపితే ఏం చూపిస్తుంది?"

"కార్డు ఆమెదైతే ఇల్లు కూడా ఆమెదే అయితది. నేను దవాఖానల ఉన్నప్పుడు ఏ మేడమన్న, నువ్వే ఉండు, ఆమె ఒద్దు అంటే?"

"అక్కా, నేను గట్ల చేస్తనా?" అంది చిన్నామె.

"నువ్వు చెయ్యవు. ఇంటోళ్ళు చేస్తరు. నీ ఇంట్ల గాసం లేకుంటే నువ్వు గూడ చేస్తవు. నిన్ను అంట లేను, ఆకలిని అంటున్న."

తర్వాత చిన్నామె నావైపు చూసింది. "నేను ఇన్ని నెలలు చేసి, అక్క వచ్చినంక వట్టి చేతులతోని పోవాల్నా మేడం? అక్క ఇండ్లు నాకొద్దు. గాని నన్ను సుత రాయున్రి అండ్ల."

న్యాయం రాయడం నేనేదో పుస్తకం రాసినట్టు అనుకున్నాను. ఒకరికి గొడుగు పడితే పక్కనున్న మనిషి తడుస్తోంది. ఆ తర్వాత వారమంతా నా అసలు పని పక్కనపెట్టి దీనితోనే కుస్తీ పట్టాను. ఇద్దరూ వచ్చి వినేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు, ఒకరి మీద ఒకరు అలిగి వేరువేరు లిఫ్టుల్లో దిగేవాళ్ళు. చివరికి ముగ్గురికీ సగం సగం నచ్చింది తయారైంది. అసలు మనిషి తిరిగి వచ్చేదాకా, లేదా ఇక రానని తన నోటితో చెప్పేదాకా, బదులు వచ్చిన మనిషిని ఆ ఇంటివాళ్ళు తమ వంటామెగా ఖాయం చేసుకోకూడదు. చేసిన పనికి డబ్బు చేసిన మనిషి చేతికే అందాలి. బదులు పని అయిపోయినా ఆమె కార్డు ఉంటుంది, దానితో ఏ బ్లాకులోనైనా ఖాళీ ఉన్న ఇల్లు వెతుక్కోవచ్చు. వద్దనుకునే హక్కు ఇంటివాళ్ళకెంత ఉందో వంటామెకూ అంతే ఉంది. ఎవరు వద్దనుకున్నా ముందుగా ఎదురుపడి చెప్పాలి, గేటు దగ్గర కార్డు ఆపించకూడదు.

సెక్రటరీ గారు చదివి కళ్ళజోడు తీశారు. "బాగానే ఉంది గానండీ, మన ఇంటికి ఎవరు రావాలో ఆవిడ నిర్ణయిస్తే ఎవరు ఎవరికి పని చేస్తున్నట్టండి?"

"మీ ఇంటికి ప్లంబర్ వచ్చినప్పుడు కుర్రాణ్ణి వెంటేసుకుని వస్తాడు కదా సార్. మీరు అతణ్ణి అడిగారా ఎప్పుడైనా?"

"అతను ప్లంబరండి."

"ఈమె వంటామె."

ఆయన నవ్వలేదు, కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆదివారం కమిటీ ముందు తానే పెడతానన్నారు. ఆయన్ని నేను కాస్త తక్కువ అంచనా వేశాననిపించింది.

కమిటీలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ ఐటీవాళ్ళే. క్లబ్‌హౌస్‌లో కూర్చుని ఇడ్లీ తింటూ నియమాలు విన్నారు. బదులు మనిషి అనే మాట దగ్గర అందరూ ఒక్కసారి లేచారు. ముక్కూమొహం తెలియని వాళ్ళను ఇంట్లోకి ఎలా రానిస్తాం, బాధ్యత ఎవరిది, రేపు ఏదైనా పోతే ఎవరిని అడగాలి. నేను చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను, గొంతు పెరుగుతోంది, కోపంలో నాకు మాటలు తడబడతాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ ఆ రోజు తిరగబడింది. అప్పుడు ఒక మూల నుంచి లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి తల ఎత్తి, "అంటే బ్యాకప్ రిసోర్సా?" అంది.

"అవును," అన్నాను. "ముందే పరిచయం చేసిన బ్యాకప్ రిసోర్స్."

అందరి మొహాలూ తేటపడ్డాయి. అది ఉండాల్సిందేనన్నారు. అసలు ఒకే మనిషి మీద ఆధారపడటం రిస్కన్నారు. తమ ప్రాజెక్టుల్లో రోజూ ఉండేదాన్నే మేము కొత్తగా కనిపెట్టినట్టు ఒకాయన అభినందించాడు కూడా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నియమం నెగ్గి, అందరూ సంతకాలు పెట్టారు కాబట్టి నోరు మూసుకుని ఇడ్లీ తిన్నాను.

దసరా పోయాక ఆమె ఆపరేషన్ చేయించుకుంది. చిన్నామె పొద్దున్నే వచ్చేది. గేటు దగ్గర కెమెరా ముందు కొంగు సర్దుకుని నిలబడి, పచ్చలైటు వెలిగాకే అడుగు ముందుకు వేసేదని వాచ్‌మన్ చెప్పాడు. ఆమె చేతి వంటలో కూడా ఉప్పు అదే చిటికెడు ఎక్కువ. తగ్గించమని చెప్పాను.

"తగ్గించ మేడం. అక్క చేతి లెక్కనే ఉండాలె. మీరు నా చేతికి అలవాటు పడితే అక్క పరేషాన్ అయితది."

ఆ రెండు మూడు నెలలూ నేను ఉప్పు పప్పే తిన్నాను. ఒకసారి పండ్లు పట్టుకుని పెద్దామెను చూడటానికి వెళ్ళాను. పుప్పాలగూడ వైపు ఒక గల్లీలో కిరాయి గది, మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. చిక్కిపోయింది. ఎలా ఉన్నావని అడిగాను. తన ఇళ్ళ గురించి ఒక్కొక్కటిగా అడిగింది. పై అంతస్తు ముసలమ్మకు మెత్తగా వండుతోందా, మూలింటి పిల్లలు టిఫిన్ తింటున్నారా, పక్క బ్లాకు సారు చిరాకు పడుతున్నాడా. అన్ని ఇళ్ళూ ఉన్నాయని చెప్పాను. అప్పుడు కళ్ళు మూసుకుంది. ఆమె నిద్రపోయేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

సంక్రాంతి దాటాక తిరిగి వచ్చింది. పక్క బ్లాకు సారువాళ్ళకు చిన్నామే ఉంటే బాగుండుననిపించిందట, నోటిదాకా వచ్చిందట కూడా. నియమం ఉంది కాబట్టి ఊరుకున్నారని సెక్రటరీ గారు వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. ఒక్క ఇల్లు కూడా పోలేదు. నాకు గర్వంగా ఉంది, దాచుకోను. నేను రాసిన వాటిలో ఒక మనిషి ఒంటికి పనికొచ్చింది అదొక్కటే.

మా ఇంటికి వచ్చిన మొదటి రోజు ఆమె వంట మొదలుపెట్టలేదు. గట్టుకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చుంది. నేనే టీ పెట్టి ఇచ్చాను.

"మేడం, రేపటి నుంచి మీ ఇంటికి మా యారాలు వస్తది," అంది.

"ఇంకా నొప్పిగా ఉందా? పర్లేదు, ఇంకో నెల ఆగి రా."

"నెల గాదు. ఇగ ఆమెనే ఉంటది. మీ ఇల్లు ఆమెకిస్తున్న."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కడో గట్టిగా గుచ్చుకుంది. వారాల తరబడి ఎవరి కోసం కొట్లాడానో ఆ మనిషే నన్ను వదిలేస్తోంది. పగలంతా ఇంట్లోనే ఉండి ఉప్పు గురించి సతాయించినందుకా అని కూడా ఆలోచన పోయింది. వద్దనుకునే హక్కు ఆమెకూ ఉందని నేనే రాశాను. రాసినంత తేలిగ్గా లేదు పడటం.

"నేనేం తప్పు చేశాను?" అన్నాను.

"తప్పేం లేదు మేడం. డాక్టరమ్మ తక్కువ చెయ్యమన్నది. ఒక ఇల్లు ఇడవాలె. మా యారాలికి గూడ ఒక ఇల్లు కావాలె." టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని దానిలోకే చూస్తోంది. "రాత్రంతా ఆలోచన చేసిన. కాగితం మీద అందరు సంతకం పెట్టిన్రు, నిజమే. అయినా వాళ్ళ ముందు నిలబడి, రేపటి నుంచి రాను అని చెప్పాలంటే నాకు నోరు రాదు. మిగిలిన ఇండ్లు గూడ పోతయేమో అని భయం. మీకొక్కరికే చెప్పగలుగుతా. అందుకని మీ ఇల్లు ఇడుస్తున్న."